లేవిడి నుంచి సోంపేట దాకా: కాల్పుల తర్వాత సర్కారు ఏం చేసింది?

శ్రీకాకుళం జిల్లాలో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న జనాన్ని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు అక్కడికక్కడే పోయారు. 2010 జులై 14న సోంపేట బీల చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అక్కడా ప్రాణాలు పోయాయి. మొదటి ఘటన జరిగిన పదమూడు నెలలకే ఏజెన్సీలో సాయుధ దళాలు తయారయ్యాయి. రెండో ఘటన తర్వాత ఎవరూ తుపాకీ పట్టలేదు. ప్లాంటు మాత్రం రాలేదు.

జిల్లా ఒకటే. చనిపోయిన వాళ్లు రెండు చోట్లా పేదలే. కోపం రెండు చోట్లా ఒకే స్థాయిలో ఉంది. మరి దారులు ఎందుకు వేరయ్యాయి? "కాలం మారింది" అని చెప్పి వదిలేస్తే ఏమీ తెలియదు. కాల్పులు జరిగిన నాటి నుంచి తర్వాతి ఏడాది వరకు కోర్టు ఏం చేసింది, కలెక్టరు ఏం చేశాడు, పోలీసు క్యాంపు ఎక్కడ పెట్టారు, సంఘానికి మీటింగు పెట్టుకునే వీలు మిగిలిందా లేదా అన్నవి చూస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది. జనం కోపం ఎటు పోతుందన్నది ఎక్కువగా ఆ ఏడాదిలోనే తేలుతుందని నా నమ్మకం.

ముందు లేవిడికి వెనక ఏముందో చూద్దాం. అప్పటి పార్వతీపురం, పాలకొండ, పాతపట్నం తాలూకాల కొండల్లో సవరలు, జాతాపులు పోడు చేసుకుని బతికేవాళ్లు. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు ఉప్పు, ఎండు మిరపకాయలు, బట్టలు అప్పుకిచ్చి చింతపండు, కొండ పంటలు చవగ్గా పట్టుకెళ్లేవాళ్లు. అప్పు తీరకపోతే పల్లంలో ఉన్న మంచి భూమి షావుకారు కిందికి పోయేది. భూమి పోయినవాడు అదే భూమిలో పాలేరుగా చేరేవాడు. దీన్ని ఆపే చట్టం లేక కాదు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోతే ఆ బదిలీ చెల్లదని అందులో ఉంది. కానీ ఆ రెగ్యులేషన్‌ను అమలు చేయడానికి కావాల్సిన నిబంధనలు 1969 దాకా రాయలేదు. చట్టం వచ్చి పదేళ్లు. ఫిర్యాదు ఎవరు తీసుకోవాలి, ఎన్నాళ్లలో విచారించాలి, ఖాళీ ఎవరు చేయించాలి అన్న కాగితం లేదు. 1969 అంటే అప్పటికే కొండల్లో తుపాకులు పేలుతున్న ఏడాది. మొత్తం శ్రీకాకుళం కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ పదేళ్ల జాప్యమే.

టీచర్లుగా కొండెక్కిన వెంపటాపు సత్యనారాయణ (సత్యం), ఆదిభట్ల కైలాసం లాంటివాళ్లు 1960 ప్రాంతంలో గిరిజన సంఘాన్ని నిలబెట్టారు. అప్పుడది కమ్యూనిస్టు పార్టీ కింద బహిరంగంగా పనిచేసే సంఘం. అడిగినవి చిన్న చిన్నవే: పాలేరు జీతం పెంచాలి, వెట్టి మానాలి, అప్పు కింద పోయిన భూమి తిరిగివ్వాలి, అడవిలో కట్టెలు కొట్టుకుంటే ఫారెస్టు వాళ్లు మామూళ్లు వసూలు చేయకూడదు. ఊరేగింపు, సభ, పనిమానెయ్యడం, కలెక్టరుకు అర్జీ — ఇవే ఆయుధాలు. ఏడెనిమిదేళ్లలో వెట్టి చాలా ఊళ్లలో పోయింది. కూలి రేట్లు పెరిగాయి. అంటే శాంతియుత పద్ధతి ఫలితం ఇస్తోంది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి. శ్రీకాకుళంలో జనం నిరాశతో తుపాకీ పట్టలేదు. గెలుస్తూ ఉండగా దెబ్బ తగిలింది కాబట్టి ఆ దెబ్బ అంత లోతుగా దిగింది.

లేవిడి తర్వాత ప్రభుత్వం ముందు చేయదగిన పనులు చాలానే ఉన్నాయి. కాల్చిన వాళ్ల మీద కేసును గట్టిగా నడపొచ్చు. 1959 రెగ్యులేషన్‌కు నిబంధనలు రాయొచ్చు. సంఘంతో కూర్చుని కూలి రేట్ల ఒప్పందం చేయించొచ్చు. జరిగింది వేరు. పోలీసు క్యాంపులు దిగాయి, 144 పెట్టారు, సంఘం కార్యకర్తల మీద వరుసగా కేసులు పెట్టారు. 1968లో లేవిడి కేసులో నిందితులందరినీ కోర్టు వదిలేసింది. కొండ మీద మనిషికి ఇందులో కనిపించేది ఒక్కటే: వాళ్లు మనల్ని చంపితే శిక్ష లేదు, మనం మీటింగు పెడితే జైలు.

సరిగ్గా అదే సమయంలో మైదానంలో ఇంకో గొడవ నడుస్తోంది. 1967 మేలో పశ్చిమ బెంగాల్‌లో నక్సల్బరీ రైతుల తిరుగుబాటు జరిగింది. 1968లో ఆంధ్రలో సీపీఎం చీలింది. శ్రీకాకుళం నాయకులు నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్‌తో సంబంధం పెట్టుకున్నారు. "చట్టం దారి మూసుకుపోయింది, ఇక సాయుధ పోరాటమే" అని చెప్పేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. వాళ్ల మాటను రుజువు చేసే పని కోర్టు తీర్పు, పోలీసు క్యాంపు చేసిపెట్టాయి. 1968 నవంబర్ 25న పెదగొట్టిలిలో గిరిజనులు గుంపుగా వెళ్లి ఒక భూస్వామి ఇంటి మీద పడి ధాన్యం, సొత్తు తీసుకుని అప్పు పత్రాలు తగలబెట్టారు. శ్రీకాకుళం సాయుధ పోరాటం అక్కడ మొదలైందని అంటారు. లేవిడి నుంచి ఇక్కడికి పదమూడు నెలలు. వాటిలో ఏ నెలలోనైనా పరిస్థితి ఇంకోలా తిరిగే అవకాశం ఉంది.

మూడు కలిస్తేనే హింస సంఘటితమవుతుందని ఈ పదమూడు నెలలు చెప్తున్నాయి. ఒకటి అన్యాయంగా పోయిన ప్రాణం. రెండోది దానికి చట్టంలో జవాబు లేకపోవడం. మూడోది ఆయుధం పట్టమని చెప్పే సంస్థ అప్పటికే ఊళ్లో ఉండటం. మొదటిది ఒక్కటే ఉంటే ధర్నాలు జరుగుతాయి, బంద్‌లు జరుగుతాయి. మొదటిదీ రెండోదీ ఉంటే అల్లర్లు కావొచ్చు, రెండు మూడు రోజుల్లో చల్లారుతాయి. మూడూ ఉన్నప్పుడే దళం పుడుతుంది. ఈ మూడింట్లో ప్రభుత్వం చేతిలో పూర్తిగా ఉన్నది రెండోదే. అయినా మన ప్రభుత్వాలు ఎప్పుడూ మూడోదాని వెంటే పరుగెడతాయి.

అయితే తప్పంతా ఒక పక్కనే వేస్తే అబద్ధమవుతుంది. దళాలు వచ్చాక ఉద్యమం తీరే మారిపోయింది. సంఘంలో వందల మంది కూర్చుని తీర్మానం చేసేవాళ్లు. దళంలో పది మంది నిర్ణయిస్తారు. మజుందార్ చెప్పిన వర్గశత్రు నిర్మూలన పంథా ప్రకారం షావుకార్లను, భూస్వాములను చంపడం ప్రధాన కార్యక్రమమైంది. సభలు, కూలి పోరాటాలు పక్కకు పోయాయి. ఆంధ్రలోనే మరో విప్లవ కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి వర్గం భూమి సమస్య మీద జనాన్ని కూడగట్టకుండా దాడులు చేయడం సరికాదని విభేదించింది. 1969 ఫిబ్రవరిలోనే మజుందార్ కమిటీతో వాళ్లకు తెగిపోయింది. నిర్మూలన పంథా వల్ల ప్రభుత్వానికి పని సులువైంది. వేల మంది ఉన్న సంఘాన్ని అణచాలంటే రాజకీయంగా జవాబు చెప్పుకోవాలి. పదుల సంఖ్యలో ఉన్న దళాన్ని పోలీసు పనిగా చూపించి అణచొచ్చు.

అదే జరిగింది. 1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. మే 27న పంచాది కృష్ణమూర్తితో పాటు మరో ఆరుగురు సోంపేట పక్కన జలంతరకోటలో పోలీసు తూటాలకు చనిపోయారు. డిసెంబర్ 22న రంగమెట్టియా కొండ మీద ఆయన భార్య పంచాది నిర్మల, కవీ కళాకారుడూ అయిన సుబ్బారావు పాణిగ్రాహి, మరికొందరు పోయారు. 1970 జులై 10న సత్యం, కైలాసం ఇద్దరూ చనిపోయారు. ఎన్‌కౌంటర్ అని పోలీసులన్నారు, పట్టుకుని కాల్చారని ఉద్యమకారులన్నారు. సత్యం, కైలాసం పోయాక ఏజెన్సీలో దళాల పోరాటం దాదాపు ముగిసిపోయింది. వంద మందికి పైగా పార్వతీపురం కుట్ర కేసులో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

అణచివేత పనిచేసింది అని చెప్పేవాళ్లు ఇక్కడే ఆగుతారు. అదే ఏడాది జరిగిన ఇంకో పని చూడాలి. 1970 ఫిబ్రవరి 3 నుంచి 1/70 రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. 1959 నాటి చట్టంలోని పెద్ద కంతను ఇది పూడ్చింది. పాత చట్టంలో తన భూమి పోయిందని గిరిజనుడే రుజువు చేయాలి. కొత్త సవరణ ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గరి నుంచే వచ్చిందని ముందుగా అనుకుంటారు. కాదని చూపించే బాధ్యత గిరిజనేతరుడిది. గిరిజనేతరుల మధ్య అమ్మకాలు కూడా నిషేధం. అప్పుల మాఫీ మీద వేరే రెగ్యులేషన్ వచ్చింది. గిరిజన అభివృద్ధి ఏజెన్సీల కోసం దేశం మొత్తం మీద ప్రయోగాత్మకంగా ఎంపిక చేసిన కొన్ని చోట్లలో శ్రీకాకుళం ఒకటి. సంఘం పదేళ్లు అర్జీలు పెట్టినా రానిది, వందల ప్రాణాలు పోయాక వచ్చింది. శ్రీకాకుళం చల్లారిందంటే ఈ రెండు చేతులూ పనిచేశాయి. ఏ చెయ్యి ఎంత పనిచేసిందో తూకం వేసి చెప్పడం కష్టం. కానీ ఒక్క చెయ్యే పనిచేసిన చోట ఏమైందో చెప్పొచ్చు. అది ఆదిలాబాద్.

ఆదిలాబాద్‌లో ఇదే వరస ఇంతకుముందు ఒకసారి నడిచింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీంను నిజాం పోలీసులు చంపారు. తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపి గోండులకు ఎందుకు కోపం వచ్చిందో తెలుసుకోమంది. ఆయన నివేదికల మీద గోండులకు పట్టాలిచ్చారు, బడులు పెట్టారు. తర్వాత మూడు దశాబ్దాలకు పైగా అక్కడ పెద్ద తిరుగుబాటు లేదు. ఈలోగా బయటి నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ల చేతికి భూమి పోతూనే ఉంది. 1/70 వచ్చింది గానీ అమలు మందగించింది. 1979లో చిన్న కమతాలున్న గిరిజనేతరులను ఖాళీ చేయించొద్దని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. చట్టం ఒక చేత్తో ఇచ్చింది, ఉత్తర్వు ఇంకో చేత్తో లాగేసుకుంది.

1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. మొదట ఒప్పుకున్న పోలీసులు చివర్లో అనుమతి లేదన్నారు. ఇలాంటి చోట ఆఖరి నిమిషంలో అనుమతి రద్దు చేస్తే ఏమవుతుందో ఎవరైనా ఊహించొచ్చు. గూడేల నుంచి జనం తెల్లవారుజామునే కాలినడకన బయల్దేరారు. సభ రద్దయిందన్న కబురు వాళ్లకు చేరే మార్గం లేదు. సంతకు వచ్చినవాళ్లెవరో, సభకు వచ్చినవాళ్లెవరో వేరుచేసే పద్ధతి లేదు. దారులు మూస్తే జనం ఒక్క చోట పోగవుతారు, తోపులాట మొదలవుతుంది. కాల్పులు జరిగాయి. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని హక్కుల సంఘాలు, స్థానికులు చెప్పారు. కొండల్లోకి తీసుకెళ్లిపోయిన గాయపడ్డవాళ్లు, అక్కడే పోయినవాళ్లు ఏ ఆసుపత్రి రికార్డులోనూ ఉండరు. అందుకే ఆ తేడా ఇప్పటికీ తీరలేదు. చనిపోయినవాళ్ల కోసం కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చేశారు. మరుసటి ఏడాది మళ్లీ కట్టాల్సి వచ్చింది. స్మరించుకునే రోజున ఏటా 144 పెట్టడం చాలాకాలం నడిచింది.

అప్పటికి పీపుల్స్‌వార్ అనే నక్సలైట్ పార్టీ పుట్టి ఏడాది. అది ఎలా పుట్టిందన్నదీ ఇదే లెక్కలో పడుతుంది. ఎమర్జెన్సీ తర్వాత కరీంనగర్ జిల్లాలో రైతు కూలీ సంఘాలు బహిరంగంగానే పనిచేశాయి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో వేల మందితో జైత్రయాత్ర జరిగింది. అడిగింది పాలేర్ల జీతం, వెట్టి రద్దు, దొరలు జరిమానాల పేరుతో వసూలు చేసిన డబ్బు వాపసు, దొరల కబ్జాలో ఉన్న బంజర్లు. దొర ఇంటికి చాకలి, మంగలి పోకుండా ఊరు కట్టుగా నిలబడింది. దొరలు పట్నాలకు పోయారు. ఇక్కడా గెలుపు బహిరంగ సంఘానిదే. ఆ అక్టోబర్‌లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పోలీసు క్యాంపుల్లో కొన్ని దొరల గడీల్లోనే పెట్టారు. గడీలో పోలీసులున్నారంటే పోలీసులు ఎవరి పక్కనున్నారో ఊరికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. సంఘం సమావేశం పెట్టుకోలేని పరిస్థితి వచ్చాక నాయకులు అజ్ఞాతంలోకి వెళ్లారు. 1980 నుంచి దళాలు గోదావరి దాటి అటు ఆదిలాబాద్‌కు, ఇటు దండకారణ్యానికి పోయాయి. ఇంద్రవెల్లి జరిగేనాటికి మూడోది, అంటే ఆయుధం పట్టమని చెప్పే సంస్థ, గోండుల గుమ్మం దాకా వచ్చేసింది.

కల్లోలిత ప్రాంత ప్రకటన గురించి ఒక మాట. దాన్ని పెట్టేవాళ్లు హింసను ఆపడానికని పెడతారు. చట్టం ప్రకారం అది సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారికి కూడా హెచ్చరించి కాల్చే అధికారం ఇస్తుంది. కానీ మొదట దెబ్బతినేది బహిరంగంగా తిరిగేవాళ్లు. దళం ఎలాగూ అడవిలో ఉంటుంది. సంఘం అధ్యక్షుడు ఊళ్లో ఉంటాడు, పేరు, ఇల్లు పోలీసులకు తెలుసు. వారంలో అతను లోపలుంటాడు. మాట్లాడటానికి మిగిలేది అడవిలో ఉన్నవాడే. ఈ ప్రకటనల తర్వాత హింస తగ్గకపోగా ఎందుకు పెరుగుతుందో వివరించడానికి దీన్ని మించిన కారణం నాకు కనిపించలేదు.

ఇంకో రకం పొరపాటు ఉంది. దాని గురించి తక్కువ మాట్లాడతాం: రాయితీ ఎప్పుడు ఇచ్చారన్నది. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు దీక్ష మొదలుపెట్టారు. 58 రోజులు శాంతియుతంగా సాగింది. ఢిల్లీ కదల్లేదు. డిసెంబర్ 15 రాత్రి ఆయన పోయారు. కోస్తా అంతా రైళ్లు ఆగాయి, స్టేషన్లు తగలబడ్డాయి, కాల్పుల్లో మనుషులు పోయారు. డిసెంబర్ 19న నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 58 రోజుల దీక్షకు రాని జవాబు నాలుగు రోజుల మంటలకు వచ్చింది. రాష్ట్రం ఇవ్వడం సరైన నిర్ణయమే. కానీ అదే ప్రకటన నవంబర్‌లో వచ్చి ఉంటే ఒక మనిషి బతికేవాడు, ఒక తరం ఇంకో పాఠం నేర్చుకునేది. తర్వాతి ఉద్యమాల్లో రైలు పట్టాల మీదికి అంత త్వరగా ఎందుకు వెళ్లారంటే, వెళ్తేనే ఢిల్లీకి వినపడుతుందని 1952 నేర్పింది కాబట్టి. ఎప్పటికైనా ఇవ్వక తప్పనిది హింసకు ముందే ఇవ్వాలి. ఇవ్వకూడదనుకుంటే హింస తర్వాతా ఇవ్వకూడదు. రెండూ కాకుండా మధ్యలో ఉండే ప్రభుత్వాలు హింసకు ధర కట్టి చూపిస్తాయి.

ఇక హింస వైపు మళ్లని సందర్భాలు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీకి బయల్దేరిన ప్రదర్శన మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. రాష్ట్రమంతా ఉడికిపోయింది. అయితే ఉద్యమంలో ఉన్నవి ఎన్నికల్లో పోటీచేసే పార్టీలు. వామపక్షాలు, కాంగ్రెస్ అదే అంశాన్ని ఓటు దాకా మోసుకెళ్లాయి. 2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన వెంటనే రాజశేఖర్ రెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. కోపానికి నాలుగేళ్లు ఆగగలిగే ఓపిక ఎక్కడిది? ఎన్నిక అనే తేదీ ముందుంది కాబట్టి. ఆ తేదీ మీద నమ్మకం లేని చోట ఈ ఓపిక ఉండదు. 1968లో ఏజెన్సీ గిరిజనుడికి ఆ నమ్మకం లేకపోవడానికి కారణాలు ఉన్నాయి.

సోంపేట దీనికన్నా ఆసక్తికరం. బీల అంటే సముద్రానికి దగ్గర్లోని చిత్తడి నేలలు. వాటి మీద ఆధారపడి సాగు, చేపల వేట, పశువుల మేత నడుస్తాయి. 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి ఆ భూమి ఇచ్చారు. బీలను పనికిరాని భూమిగా కాగితాల్లో చూపించారన్నది ఊళ్ల ఫిర్యాదు. వాళ్లు రెండు పనులు ఒకేసారి చేశారు. ఊళ్లో రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. ఢిల్లీలో పర్యావరణ అప్పీలు అథారిటీకి వెళ్లారు. అథారిటీ సభ్యుడు వచ్చి బీలను కళ్లారా చూశారు. 2010 జులై 14న కంపెనీ పనులు మొదలుపెట్టబోతే జనం అడ్డుకున్నారు, కాల్పులు జరిగాయి. అదే రోజు ఢిల్లీలో అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ప్రాణాలు తిరిగి రాలేదు. కానీ మర్నాడు ఊళ్లో "మనం చెప్పింది నిజమని ఢిల్లీ ఒప్పుకుంది" అనగలిగారు. 1968లో వచ్చిన తీర్పుకు ఇది పూర్తిగా ఎదురు. దీక్షా శిబిరం ఏళ్ల తరబడి నడిచింది. జలంతరకోట అక్కడికి దూరమేమీ కాదు. 1969 తూటాలు గుర్తున్న పెద్దవాళ్లు ఆ శిబిరాలున్న ఊళ్లలోనే బతికున్నారు. సాయుధ పోరాటం తెలియని ప్రాంతం కాదది. తెలిసి కూడా కోర్టు దారి పట్టారంటే ఆ దారి తెరిచి ఉంది కాబట్టి.

2004 చర్చల్ని కూడా ఇక్కడే చెప్పాలి. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి రెండు పక్కలా తిరిగి నమ్మకం కుదిర్చింది. అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ప్రభుత్వం, నక్సలైట్ పార్టీలు ముఖాముఖి కూర్చున్నాయి. ఆయుధాలతో ఊళ్లలోకి రావచ్చా లేదా అన్న దగ్గర తెగలేదు. 2005 జనవరికి ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలై చర్చలు చెడ్డాయి. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్లను మావోయిస్టులు చంపారు. రెండు రోజులకే నిషేధం తిరిగొచ్చింది. ఆ హత్యలు చర్చలు కోరిన ప్రతి ఒక్కరి నోరూ మూయించాయి. ఆ నష్టం మావోయిస్టులు చేసిందే. ఆ చర్చల నుంచి నిలిచింది ఒకటుంది: భూముల మీద వేసిన కోనేరు రంగారావు కమిటీ. 104 సిఫార్సులు చేసింది. తుపాకీ ఎజెండా పోయింది, భూమి ఎజెండా కాగితం మీదైనా మిగిలింది.

ఇదంతా తెలిసినవాళ్లకు ఆచరణలో పనికొచ్చేది రెండోదాన్ని, అంటే చట్టంలో జవాబును, బతికించుకోవడం. కాల్పులు జరిగాక మొదటి వారంలో చేయాల్సినవి చేయకపోతే ఏ కేసూ నిలబడదు. లాయర్లు, విలేకరులు, సంఘాల వాళ్లు తెలుసుకోవాల్సిన వివరాలు రాస్తున్నాను.

గుంపును చెదరగొట్టే అధికారం పాత సీఆర్‌పీసీలో 129వ సెక్షన్. 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 148. నిషేధాజ్ఞల 144 ఇప్పుడు 163. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ స్టేషన్ అధికారి గానీ ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి. కాబట్టి మొదటి ప్రశ్న: ఆదేశం ఎవరిచ్చారు, ఏ భాషలో, మైకులోనా, ఎన్ని నిమిషాల వ్యవధి ఇచ్చారు? తహసీల్దారు అక్కడున్నాడా? లాఠీ, బాష్పవాయువు వాడాకే కాల్చారా, లేక రైఫిళ్లు తప్ప ఇంకేమీ తేలేదా? చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే. తక్కువ మంది పోలీసులను, రైఫిళ్లు మాత్రమే ఇచ్చి, కంపెనీ మనుషుల పక్కన నిలబెడతారు. భయపడ్డ కానిస్టేబులు దగ్గర ఉన్నది తూటా ఒక్కటే.

రెండోది తూటాల లెక్క. ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిరిగొచ్చాయి, ఖాళీ గుళ్లు ఎన్ని దొరికాయి అన్నది ఆయుధాల రిజిస్టరులో ఉంటుంది. గాయాలు నడుం కింద ఉన్నాయా, పైన ఉన్నాయా, ముందునుంచా, వెనకనుంచా అన్నది పోస్ట్‌మార్టం చెప్తుంది. వీపులో తూటా దిగితే ఆ మనిషి పారిపోతున్నాడని అర్థం. అందుకే పోస్ట్‌మార్టం వీడియో తీయమని రాతపూర్వకంగా, అదే రోజు, డాక్టరుకూ ఆర్డీవోకూ ఇచ్చి రసీదు తీసుకోవాలి. దహనానికి తొందరపెడితే రెండో పోస్ట్‌మార్టం అవకాశం పోతుంది. గాయపడ్డవాళ్లు అరెస్టు భయంతో ఆసుపత్రికి రారు. రాకపోతే వాళ్లు లెక్కలోకే రారు, ఇంద్రవెల్లిలో జరిగిందదే. లాయరును తోడిచ్చి పంపితే మెడికో లీగల్ కేసు నమోదవుతుంది.

ఎఫ్‌ఐఆర్ దగ్గర మామూలుగా జరిగేది ఏంటంటే, చనిపోయినవాళ్లనే నిందితులుగా పెట్టి పోలీసుల మీద హత్యాయత్నం కేసు రాసి ముగిస్తారు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ మరణాల్లో పోలీసుల మీద కూడా హత్య కేసు నమోదు చేయాలనీ ఆత్మరక్షణ అన్నది విచారణలో తేలాల్సిన విషయమనీ చెప్పింది. అది సుప్రీంకోర్టుకు వెళ్లింది. వేరే కేసులో 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్లకు ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. కుటుంబం తరఫున వేరే ఫిర్యాదు స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. ఆదేశం మీద కాల్చిన అధికారిని ప్రాసిక్యూట్ చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కేసులు ఎక్కువగా చచ్చిపోయే చోటు ఇదే. అనుమతి ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో రాతపూర్వక కారణం అడిగి హైకోర్టుకు వెళ్లాలి.

మేజిస్టీరియల్ విచారణ ప్రకటన స్థానిక పేపర్లో మూలన చిన్నగా వస్తుంది. సాక్ష్యం ఇచ్చే తేదీ, చోటు అందులోనే ఉంటాయి. ఊరి నుంచి జిల్లా కేంద్రానికి రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. కాబట్టి ఊళ్లోనే విచారణ పెట్టమని మొదటి రోజే అర్జీ ఇవ్వాలి. నోటిమాటకు బదులు అఫిడవిట్లు వేయాలి. ఒక్కో అఫిడవిట్‌లో తను కళ్లారా చూసింది మాత్రమే ఉండాలి: ఎక్కడ నిలబడ్డాడు, ఎంత దూరంలో, ఎవరు ముందు కదిలారు. పది అఫిడవిట్లు ఒకే వాక్యాలతో ఉంటే పదీ కొట్టేస్తారు. విచారణ నివేదికను ప్రభుత్వం బయటపెట్టకపోతే సమాచార హక్కు కింద అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత కమిషన్.

ఏజెన్సీలో భూమి తగాదా మూలమైతే దీనితోపాటు 1/70 కింద స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర కేసు వేయాలి. ఆయన తీర్పు మీద ఏజెంటుకు, అంటే కలెక్టరుకు, అప్పీలు. ఆ తర్వాత ప్రభుత్వానికి రివిజన్. అవతలివాళ్లు 1970కి ముందే కొన్నామని సాదా కాగితం చూపిస్తారు, లేదా ఇంకో గిరిజనుడి పేరు మీద బినామీగా పెడతారు. పాత అడంగల్లో (సాగు రికార్డు, తెలంగాణలో పహాణీ అంటారు) ఆ ఏళ్లలో సాగుదారు పేరు ఎవరిదో నకలు తీసుకుంటే సగం కేసు అక్కడే తేలుతుంది. గెలిచాక కూడా భూమి మీద నిలబెట్టే పంచనామా జరగకపోతే తీర్పు ఫైలులోనే ఉండిపోతుంది. రెవెన్యూ అధికారి, సర్వేయరు, ఇద్దరు సాక్షుల సంతకాలతో స్వాధీన పత్రం తీసుకుని, అదే వారంలో పహాణీలో పేరు ఎక్కిందో లేదో చూసుకోవాలి.